ప్యానెల్‌ నుంచి పెళ్లిపందిరి దాకా.. భిలాయ్‌ పందెం సొమ్ము వెళ్లిన దారి

2023 ఫిబ్రవరిలో యూఏఈలోని రస్‌ అల్‌ ఖైమాలో ఓ పెళ్లి జరిగింది. పెళ్లికొడుకు బంధువులను నాగ్‌పుర్‌ నుంచి ప్రైవేటు విమానాల్లో తీసుకెళ్లారు. పందిరి అలంకరించేవారు, నృత్య బృందాలు, వేడుక నిర్వాహకులు ముంబయి నుంచి వెళ్లారు. మొత్తం ఖర్చు దాదాపు రూ.200 కోట్లని, అదంతా నగదు రూపంలోనే చెల్లించారని ఎన్‌ఫోర్స్‌మెంట్‌ డైరెక్టరేట్‌ తర్వాత ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం రూ.112 కోట్లు హవాలా మార్గంలో ఒక ఈవెంట్‌ సంస్థకు చేరాయి. హోటల్‌ గదులకు అయిన రూ.42 కోట్లను దిర్హమ్‌ నోట్లతో కట్టారు.

ఆ పెళ్లికొడుకు సౌరభ్‌ చంద్రాకర్‌. కొన్నేళ్ల క్రితం వరకు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్‌లో పండ్లరసాల దుకాణం నడిపిన వ్యక్తి. అతని భాగస్వామి రవి ఉప్పల్‌ది అదే ఊళ్లో టైర్ల వ్యాపారం. ఇద్దరూ కలిసి ‘మహాదేవ్‌ ఆన్‌లైన్‌ బుక్‌’ పేరిట బెట్టింగ్‌ సామ్రాజ్యాన్ని నిర్మించారని, దాని ద్వారా పోగైన అక్రమ సొమ్ము సుమారు రూ.6,000 కోట్లు ఉంటుందని ఈడీ అంచనా. ఈ కేసులో తుది తీర్పు రాలేదు. కాబట్టి ఇక్కడ చెప్పుకొనే సంగతుల్లో చాలావరకు దర్యాప్తు సంస్థలు కోర్టుల ముందు, అధికారిక ప్రకటనల్లో పెట్టిన ఆరోపణలేనని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఆ పెళ్లి దృశ్యాలు బయటికి వచ్చాక దేశమంతా ఎవరెవరు నాట్యం చేశారో, ఎంత తీసుకున్నారో మాట్లాడుకుంది. అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వంద, రెండొందలు, వెయ్యి చొప్పున ఫోన్లలోంచి కదిలిన సొమ్ము ఏ గొట్టాల్లోంచి ప్రవహించి ఎడారి ఒడ్డున దిర్హమ్‌ నోట్లుగా తేలింది? జాతీయ భద్రతకు సంబంధించిన అంశం ఆ గొట్టాలే. ఒక యాప్‌ను మూసేస్తే మరొకటి వస్తుంది. గొట్టాలు మాత్రం అలాగే ఉంటాయి. బెట్టింగ్‌ సొమ్మైనా, ‘డిజిటల్‌ అరెస్టు’ పేరుతో పింఛనుదారు నుంచి గుంజిన సొమ్మైనా, ఇంతకంటే ప్రమాదకరమైన సొమ్మైనా వాటిలోంచే పోతుంది.

ఉక్కు ఊరిలో కొత్త ‘ప్యానెల్‌’

భిలాయ్‌ అంటే తెలుగువారికి పరాయి ఊరు కాదు. సోవియట్‌ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందంతో ఉక్కు కర్మాగారం పునాదులు వేసుకున్న నాటి నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడికి వలస వెళ్లాయి. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌ తొలి బ్లాస్ట్‌ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన రైళ్లు పరిగెత్తే పట్టాల్లో సింహభాగం ఆ ఊరివే. విమానవాహక నౌక విక్రాంత్‌ నిర్మాణానికి సెయిల్‌ అందించిన ప్రత్యేక ఉక్కులోనూ భిలాయ్‌కి వాటా ఉంది. సెక్టార్ల వారీగా క్వార్టర్లు, చెట్ల నీడన వీధులు, నెలాఖరుకు ఠంచనుగా జీతం.. రెండు తరాలు అలా గడిచాయి. మూడో తరానికి వచ్చేసరికి కర్మాగారంలో శాశ్వత ఉద్యోగాలు తగ్గిపోయాయి. చదువుకున్న పిల్లలు మాత్రం ఊరినిండా ఉన్నారు.

ఆ కర్మాగారంలో ‘ప్యానెల్‌’ అనే మాటకు ఒక అర్థం ఉంది. 260 మీటర్ల పొడవున అతికించి తయారుచేసే రైలు పట్టాను రైల్‌ ప్యానెల్‌ అంటారు. మహాదేవ్‌ వచ్చాక అదే మాటకు ఆ ఊళ్లో మరో అర్థం వచ్చింది. బెట్టింగ్‌ సామ్రాజ్యంలో ఒక శాఖ పేరు ప్యానెల్‌. ప్రధాన కార్యాలయం యూఏఈలో. నమ్మకస్తులకు ప్యానెళ్లు పంచి, లాభాన్ని 70-30 నిష్పత్తిలో పంచుకున్నారని ఈడీ చెబుతోంది. టీ పొడి, ఐస్‌క్రీమ్‌ ఫ్రాంచైజీలు ఇచ్చినట్లే అన్నమాట. ప్యానెల్‌ తీసుకున్నవారు ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని, కొన్ని ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు పెట్టి, కుర్రాళ్లను పనిలోకి దించితే చాలు. ఆ కుర్రాళ్లలో భిలాయ్‌, దుర్గ్‌, రాయ్‌పుర్‌ పరిసరాలవారు ఎందరో.

పని తీరు చూడండి. వెబ్‌సైట్‌లోనో, సామాజిక మాధ్యమాల్లోని ప్రకటనలోనో ఒక వాట్సప్‌ నంబరు కనిపిస్తుంది. సంప్రదించినవారికి రెండు నంబర్లు ఇస్తారు. ఒకటి డబ్బు వేసి పాయింట్లు కొనుక్కోవడానికి. రెండోది గెలిచిన పాయింట్లను డబ్బుగా మార్చుకోవడానికి. క్రికెట్‌, టెన్నిస్‌, పేకాట, చివరికి ఎన్నికల ఫలితాల మీద కూడా పందేలు. మొదట్లో కొంత గెలిపిస్తారు. మొత్తమ్మీద ప్యానెల్‌ నడిపేవాడు నష్టపోకుండా ఆటలను మలిచారన్నది ఈడీ అభియోగం. పందెం కాసేవాడు జూదం ఆడుతున్నానని అనుకుంటాడు. ఆడించేవాడికి అది జూదమే కాదు, నికర ఆదాయం.

ఈ గొలుసుకు తెలుగునాట కూడా ఒక కొస ఉంది. 2023 నవంబరు 5న కేంద్ర ఎలక్ట్రానిక్స్‌, ఐటీ శాఖ ఈడీ వినతి మేరకు 22 యాప్‌లు, వెబ్‌సైట్లను నిషేధించింది. ఆ ప్రకటనలో మహాదేవ్‌ బుక్‌ సరసన పేరుతో సహా కనిపించింది ‘రెడ్డిఅన్నప్రెస్టోప్రో’. ఆ పేరు ఎవరిని ఆకర్షించడానికి పెట్టిందో వేరే చెప్పక్కర్లేదు. మహాదేవ్‌ కేసులో ఛత్తీస్‌గఢ్‌ పోలీసుల ఎఫ్‌ఐఆర్‌తో పాటు ఈడీ తన దర్యాప్తులోకి తీసుకున్నవాటిలో విశాఖపట్నం పోలీసులు నమోదు చేసిన ఎఫ్‌ఐఆర్‌ కూడా ఉంది. అదీ ఉక్కు నగరమే.

పేరు అద్దెకివ్వబడును

ఇప్పుడు సొమ్ము దగ్గరికి వద్దాం. పందెం కాసే మనిషి యూపీఐలో రూ.500 పంపాడనుకుందాం. అది ఎవరో ఒకరి బ్యాంకు ఖాతాలో పడాలి. దుబాయ్‌లో ఉన్న యజమాని పేరిట పడదు. ప్యానెల్‌ నడిపే కుర్రాడి పేరిట కూడా పడదు. పడేది అద్దె ఖాతాలో. పోలీసులు, బ్యాంకర్లు దీన్నే మ్యూల్‌ ఖాతా అంటున్నారు. మ్యూల్‌ అంటే కంచరగాడిద. మూటలో ఏముందో దానికి తెలియదు, మోయడమే దాని పని.

కూలీ, ఆటో నడిపేవాడు, డిగ్రీ చదువుతూ జేబు ఖర్చులకు వెతుక్కునే విద్యార్థి, చీటీల అప్పులో ఉన్న గృహిణి.. ఎవరైనా కావచ్చు. దళారి వచ్చి ‘మీ పేరిట ఖాతా తెరవండి, నెలనెలా కొంత ఇస్తాం’ అంటాడు. ఖాతా తెరిచాక పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, ఆ ఖాతాకు అనుసంధానించిన సిమ్‌ కార్డు, నెట్‌ బ్యాంకింగ్‌ రహస్య సంకేతం.. అన్నీ ఒక కట్టగా కట్టి ఇచ్చేయాలి. ఆ కట్ట చేతులు మారుతూ పోతుంది. ఓటీపీలు వెళ్లే ఫోను కూడా ప్యానెల్‌ బల్ల మీదే ఉంటుంది. మరింత పెద్ద మొత్తాలకు కరెంటు ఖాతా కావాలి. అందుకు కిరాణా కొట్టు పేరిటో, మొబైళ్ల దుకాణం పేరిటో కాగితాల మీద ఒక వ్యాపారం పుడుతుంది. జీఎస్టీ నమోదు కూడా జరుగుతుంది. బోర్డు ఉంటుంది, సరకు ఉండదు.

డబ్బు మొదటి ఖాతాలో ఎక్కువసేపు ఉండదు. నిమిషాల్లో రెండో వరసలోని నాలుగైదు ఖాతాలకు చీలుతుంది. అక్కడినుంచి మూడో వరసకు. ఒక్కో వరసలో మొత్తాలు మారుతుంటాయి, రాష్ట్రాలు మారుతుంటాయి. భిలాయ్‌లో కాసిన పందెం సొమ్ము అసోంలో ఒకరి పేరిట, గుజరాత్‌లో ఇంకొకరి పేరిట తేలవచ్చు. ఫిర్యాదు అందుకున్న పోలీసులు ఒక బ్యాంకుకు లేఖ రాసి జవాబు తెప్పించుకునేసరికి సొమ్ము ఆరో గుమ్మం దాటిపోయి ఉంటుంది. సైబర్‌ మోసం జరిగిన తొలి గంటలోనే 1930కి ఫోన్‌ చేయమని పోలీసులు మొత్తుకునేది ఇందుకే.

మహాదేవ్‌ను ఈడీ వర్ణించిన తీరులోనే ఈ సంగతి ఉంది. కొత్త ఆటగాళ్లను చేర్చుకోవడం, ఐడీలు సృష్టించడం, బినామీ ఖాతాల వలతో సొమ్మును పొరలు పొరలుగా చలామణీ చేయడం.. ఈ మూడూ సమకూర్చే గొడుగు సంస్థ అని చెప్పింది. అంటే అమ్ముతున్నది ఆటను మాత్రమే కాదు. డబ్బు కదిలించే సేవను.

ఎంతమంది పేర్లు ఇలా అద్దెకు పోయాయి? తొలి వరస మ్యూల్‌ ఖాతాలు 24 లక్షలకు పైగా గుర్తించి, వాటి వివరాలను బ్యాంకులకు అందించినట్లు కేంద్ర హోం శాఖ పార్లమెంటుకు తెలిపింది. అవి ఒక్క మహాదేవ్‌వి కావు, దేశవ్యాప్తంగా అన్ని రకాల సైబర్‌ మోసాలవి. ఆ మోసాల్లో జనం పోగొట్టుకున్నది 2023లో రూ.7,465 కోట్లు, 2024లో రూ.22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలైంది. మోసగాళ్ల తెలివి ఒక్క ఏడాదిలో మూడింతలు పెరిగి ఉండదు. పెరిగింది గొట్టాల సామర్థ్యం.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి బలహీనమైన అతుకు ఇదే. దుబాయ్‌లో కూర్చున్నవాడిని పట్టుకోవడానికి రెడ్‌ నోటీసులు, ఒప్పందాలు, దౌత్యం కావాలి. అద్దె ఖాతా మాత్రం మన వీధి చివరి బ్యాంకు శాఖలో ఉంటుంది. నెలకు నాలుగు లావాదేవీలు లేని కూలీ ఖాతాలో ఒక్క రాత్రిలో వందల జమలు పడి, తెల్లారేసరికి నిల్వ సున్నా అయితే, అది కంప్యూటర్‌కు కనిపించని సంగతి కాదు. రిజర్వ్‌ బ్యాంకు ఇన్నోవేషన్‌ హబ్‌ తయారుచేసిన ‘మ్యూల్‌హంటర్‌’ అనే కృత్రిమ మేధ సాధనం పని ఇలాంటి కదలికలను పసిగట్టడమే. 2024 డిసెంబరులో రిజర్వ్‌ బ్యాంకు దాన్ని వాడుకోవాలని బ్యాంకులను ప్రోత్సహించింది. అయితే కొత్త ఖాతాల లక్ష్యాలు చేరుకోవాల్సిన శాఖ మేనేజరుకు అనుమానం వచ్చినా అడగాలనే ఆసక్తి ఉంటుందా? కొన్ని కేసుల్లో బ్యాంకు సిబ్బందే దళారులతో కుమ్మక్కై అరెస్టయ్యారు.

హవాలా: కాగితం లేని హుండీ

ఖాతాల్లో తిరిగిన సొమ్ము ఎక్కడో ఒకచోట నోట్ల కట్టగా మారుతుంది. ఏటీఎంల నుంచి తీస్తారు, లేదా నగదు ఎక్కువగా తిరిగే వ్యాపారి ఖాతాలోకి పంపి అతని నుంచి కట్టలు తీసుకుంటారు. అక్కడితో బ్యాంకు జాడ తెగిపోతుంది. అక్కడి నుంచి హవాలా మొదలు.

హుండీ అనగానే మనకు తిరుమల గుర్తొస్తుంది. ఉత్తరాది వ్యాపారులకు హుండీ అంటే వందల ఏళ్లనాటి చెల్లింపు పత్రం. హవాలా దానికి కాగితం లేని తమ్ముడు. రాయ్‌పుర్‌లో ఒక వ్యాపారికి కోటి రూపాయలు ఇస్తారు. అతను దుబాయ్‌లోని తన మనిషికి ఫోన్‌ చేస్తాడు. గుర్తుగా ఒక పది రూపాయల నోటు నంబరు చెబుతాడు. దుబాయ్‌లో ఆ నోటు నంబరు చూపినవాడికి సరిసమానమైన దిర్హమ్‌లు అందుతాయి, కమీషను మినహాయించి. సరిహద్దు దాటింది ఒక నంబరు మాత్రమే. డబ్బు ఎక్కడిదక్కడే ఉంది.

మరి ఆ ఇద్దరి మధ్య లెక్క ఎలా తీరుతుంది? గల్ఫ్‌లో పనిచేసే కూలీ ఊరికి డబ్బు పంపాలనుకుని దుబాయ్‌ వ్యాపారికి దిర్హమ్‌లు ఇస్తే, ఇక్కడి వ్యాపారి తన దగ్గరున్న పందెం నోట్లలోంచి ఆ కుటుంబానికి రూపాయలు ఇస్తాడు. లెక్క సరిపోయింది. కరీంనగర్‌లోనో, కడపలోనో ఇల్లాలి చేతికి వచ్చిన భర్త కష్టార్జితం, నిజానికి ఎవరో పోగొట్టుకున్న పందెం సొమ్ము కావచ్చు. ఆమెకు ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు. ఇంకా తేడా మిగిలితే దిగుమతి బిల్లుల్లో విలువ పెంచి రాయడం, బంగారం కదిలించడం ద్వారా సర్దుబాటు చేస్తారు.

ఇక్కడ తేదీలు కొంత ఆలోచింపజేస్తాయి. అక్రమ నగదు చలామణీపై నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్‌ యూఏఈని 2022 మార్చిలో గ్రే జాబితాలో చేర్చింది. 2024 ఫిబ్రవరిలో తొలగించింది. రస్‌ అల్‌ ఖైమా పెళ్లి సరిగ్గా ఆ మధ్యకాలంలోనే జరిగింది.

హైదరాబాద్‌ ఫిర్యాదు చెప్పిన నిజం

హవాలాకు ఇప్పుడు కొత్త జోడీ దొరికింది.. క్రిప్టో. ముఖ్యంగా డాలరుతో సమాన విలువ కలిగిన యూఎస్‌డీటీ. అద్దె ఖాతాలోని రూపాయలతో క్రిప్టో కొని, దాన్ని ఒక వాలెట్‌ నుంచి మరో వాలెట్‌కు పంపితే చాలు. విమానం, కొరియర్‌, పది రూపాయల నోటు ఏవీ అక్కర్లేదు. భారత్‌లో 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజీలు మనీలాండరింగ్‌ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి, ఖాతాదారుల వివరాలు తీసుకోవాలి. కానీ మనిషికీ మనిషికీ మధ్య నేరుగా జరిగే అమ్మకాలు ఆ వలలో పూర్తిగా పడవు.

ఇది భద్రతా సమస్య ఎందుకో తెలియాలంటే 2023 జులైలో హైదరాబాద్‌ పోలీసులు బయటపెట్టిన కేసు చూడాలి. ఇంట్లో కూర్చుని రేటింగులు ఇస్తే డబ్బు వస్తుందన్న పార్ట్‌టైమ్‌ ఉద్యోగ మోసంలో నగరవాసి ఒకరు రూ.28 లక్షలు పోగొట్టుకున్నారు. ఆ ఒక్క ఫిర్యాదు తీగ లాగితే రూ.712 కోట్ల డొంక కదిలింది. బాధితులు 15 వేల మంది. సొమ్ము డొల్ల కంపెనీల ఖాతాల్లోకి, అక్కడి నుంచి దుబాయ్‌కి, క్రిప్టోగా మారి చైనాలోని సూత్రధారుల చేతికి చేరిందని పోలీసులు చెప్పారు. అందులో కొంత లెబనాన్‌కు చెందిన హెజ్‌బొల్లాతో ముడిపడిన వాలెట్‌కు వెళ్లిందని కూడా తేల్చారు. ఆ వాలెట్‌ను ఉగ్రవాద నిధుల నిరోధానికి పనిచేసే ఇజ్రాయెల్‌ సంస్థ ముందే గుర్తించి ఉంచింది. హైదరాబాద్‌లో రేటింగులు ఇచ్చుకునే మనిషి సొమ్ము పశ్చిమాసియా యుద్ధరంగం దాకా వెళ్లిన దారి అది. మహాదేవ్‌కూ ఆ కేసుకూ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. రెండు కేసుల్లోనూ అద్దె ఖాతా, దుబాయ్‌ మజిలీ మాత్రం ఉమ్మడిగా కనిపిస్తాయి.

దాచిన డబ్బు మళ్లీ మన మార్కెట్లోకే

రూ.6,000 కోట్లు అనుకుంటే, అది నోట్ల కట్టల్లో దాచే మొత్తం కాదు. పైగా దాచిపెట్టిన సొమ్ము అనుభవానికి రాదు. దానికి గౌరవప్రదమైన పుట్టుక కావాలి. మహాదేవ్‌ కేసులో ఆ పుట్టుక కోసం ఎంచుకున్న చోటు మన స్టాక్‌ మార్కెట్‌ అన్నది ఈడీ మాట.

2024 ఫిబ్రవరి 28న ఈడీ కోల్‌కతా, గురుగ్రామ్‌, ఇందౌర్‌, ముంబయి, రాయ్‌పుర్‌ తదితర చోట్ల సోదాలు జరిపి, దుబాయ్‌లో ఉండే ఒక హవాలా వ్యాపారికి చెందినవిగా చెబుతున్న రూ.580 కోట్ల విలువైన షేర్లను స్తంభింపజేసింది. పందెం సొమ్ము దుబాయ్‌ సంస్థల పేరిట, విదేశీ పోర్ట్‌ఫోలియో పెట్టుబడిగా భారత మార్కెట్లోకి వచ్చిందన్నది ఆరోపణ. 2025 ఏప్రిల్‌లో దిల్లీ, ముంబయి, చెన్నై, ఒడిశాలోని సంబల్‌పుర్‌ సహా 55 చోట్ల సోదాలు చేసి మరో రూ.573 కోట్ల షేర్లు, బాండ్లు, డీమ్యాట్‌ ఖాతాలను నిలిపివేసింది. మారిషస్‌, దుబాయ్‌లలోని ఫండ్ల పేరుతో సొమ్ము తిరిగి వచ్చిందని, కొన్ని చిన్న లిస్టెడ్‌ కంపెనీల షేర్ల ధరలను కృత్రిమంగా పెంచడానికి దాన్ని వాడారని తెలిపింది.

ఈ చివరి సంగతి సామాన్య మదుపరులకు తగిలే దెబ్బ. ఏ వ్యాపారమూ కనిపించని చిన్న కంపెనీ షేరు ఉన్నట్టుండి రెండింతలు, మూడింతలవుతుంది. ‘విదేశీ సంస్థలు కొంటున్నాయి’ అన్న మాట టెలిగ్రామ్‌ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. నమ్మి కొన్న ఉద్యోగికి తన డబ్బుతో పందెం సొమ్మును తెల్లబరుస్తున్నారని తెలియదు. ధర ఎక్కించినవాళ్లు అమ్ముకుని బయటపడతారు. వాళ్ల చేతికి వచ్చేది పన్ను కట్టిన, బ్యాంకు ద్వారా వచ్చిన, ఎవరికైనా చూపించగలిగిన డబ్బు. ఆన్‌లైన్‌ పందెంలో పోగొట్టుకోని మధ్యతరగతి మనిషి షేర్లలో పోగొట్టుకోవచ్చు. సొమ్ము ఒకటే, రెండుసార్లు పంట.

ఖర్చులో ఇంకో పద్దు

పెళ్లి, షేర్లు, విదేశాల్లో ఇళ్లు.. ఇవి కనిపించే ఖర్చులు. కనిపించనిది రక్షణ కోసం పెట్టే ఖర్చు. 2023 ఆగస్టులో ఈడీ అరెస్టు చేసినవారిలో ఛత్తీస్‌గఢ్‌ పోలీసు శాఖలోని ఒక ఏఎస్‌ఐ ఉన్నారు. పోలీసు, రాజకీయ వర్గాలకు ముడుపులు పంచే పని ఆయన ద్వారా జరిగిందన్నది అభియోగం. అసెంబ్లీ ఎన్నికల తొలి విడతకు అయిదు రోజుల ముందు, అదే ఏడాది నవంబరు 2న రాయ్‌పుర్‌లోని ఒక హోటల్‌, భిలాయ్‌లోని ఒక చోటు నుంచి రూ.5.39 కోట్ల నగదును ఈడీ స్వాధీనం చేసుకుంది. దాన్ని యూఏఈ నుంచి ప్రత్యేకంగా పంపిన కొరియర్‌ తెచ్చాడని, నాటి ముఖ్యమంత్రి భూపేశ్‌ బఘేల్‌కు అంతవరకు రూ.508 కోట్లు ముట్టాయని అతను వాంగ్మూలం ఇచ్చాడని, అది దర్యాప్తు చేయాల్సిన అంశమని ప్రకటించింది. ఆ కొరియర్‌ తర్వాత మాట మార్చి, తనను ఇరికించారన్నాడు. బఘేల్‌ ఆరోపణలను ఖండించారు. ఎన్నికల కోసం చేసిన కుట్ర అన్నారు. కేసును 2024 ఆగస్టులో కొత్త రాష్ట్ర ప్రభుత్వం సీబీఐకి అప్పగించింది. 2025 మార్చి 26న సీబీఐ బఘేల్‌ ఇళ్లు సహా 60 చోట్ల సోదాలు చేసింది. నిజానిజాలు కోర్టులోనే తేలాలి. ఎవరి పక్షాన నిలబడి చూసినా ఒకటి మాత్రం స్పష్టం: పోలింగు ముందు ఊళ్లోకి కోట్ల నగదు రావడానికి ఆ దారి పనికొచ్చింది. దేశ భద్రత గురించి రాసేవాడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది పెళ్లి పందిరి కాదు, ఈ పద్దే.

పోయిన సొమ్ము ఎవరిది?

ఇన్ని వందల కోట్లు స్తంభింపజేశారు కదా, పోగొట్టుకున్నవారికి ఎప్పుడు ఇస్తారు? ఇక్కడ చట్టం ఒక చేదు నిజం చెబుతుంది. మోసపోయినవారికి కొంత దారి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత 107వ సెక్షన్‌ నేర సొమ్మును జప్తు చేసి, జిల్లా మేజిస్ట్రేట్‌ ద్వారా బాధితులకు పంచే వీలు కల్పించింది. తెలంగాణలో సైబర్‌ బాధితులకు లోక్‌ అదాలత్‌ల ద్వారా కొంత సొమ్ము వెనక్కి వస్తోంది. పందెం కాసినవాడి సంగతి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్‌ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, దాని పేరిట సొమ్ము కోసం దావా వేయలేరు. ఆట ముందే మలిచిందని, అది జూదం కాదు మోసమని రుజువైతే తప్ప అతను చట్టం దృష్టిలో బాధితుడు కాడు. పైగా ఫిర్యాదు చేయడమంటే తానూ నిషిద్ధ ఆట ఆడానని ఒప్పుకోవడమే. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌ 2020లోనూ తమ గేమింగ్‌ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌ పందేలను నిషేధించాయి. అందుకే అప్పులపాలైన కుర్రాళ్ల కథలు పోలీసు స్టేషన్లో కాక, చాలాసార్లు ఆసుపత్రుల్లోనో, పురుగుమందు డబ్బాల దగ్గరో బయటపడుతున్నాయి.

2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర ఆన్‌లైన్‌ గేమింగ్‌ చట్టం మాత్రం గొట్టాల మీద దృష్టి పెట్టింది. డబ్బు పందేలు నడిపితే మూడేళ్ల జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇస్తే రెండేళ్లు, రూ.50 లక్షలు. అంతకంటే ముఖ్యం, అలాంటి ఆటల చెల్లింపులకు సహకరించే బ్యాంకులూ చెల్లింపు సంస్థలూ శిక్షార్హులే. ఖాతా అద్దెకిచ్చినవారి పరిస్థితి మాత్రం మునుపటిలాగే ఉంది. తెలిసి సహకరించారని తేలితే మనీలాండరింగ్‌ చట్టం కింద మూడు నుంచి ఏడేళ్ల జైలు. తనకు తెలియదని నిరూపించుకోవాల్సిన భారం చాలావరకు నిందితుడిదే. నెలకు కొన్ని వేల కోసం సిమ్‌ కార్డు ఇచ్చేసిన మనిషి ఆ భారాన్ని ఏ కాగితాలతో మోస్తాడు?

పైవాళ్ల సంగతి చూద్దాం. ఇద్దరు ప్రధాన నిందితులూ పసిఫిక్‌ ద్వీపదేశం వనువాటు పాస్‌పోర్టులు సంపాదించారని ఈడీ కోర్టుకు చెప్పింది. ఇంటర్‌పోల్‌ రెడ్‌ నోటీసుల మేరకు రవి ఉప్పల్‌ను 2023 డిసెంబరులో, సౌరభ్‌ చంద్రాకర్‌ను 2024 అక్టోబరులో దుబాయ్‌లో అదుపులోకి తీసుకున్నారు. భారత్‌, యూఏఈల మధ్య నేరస్తుల అప్పగింత ఒప్పందం 1999 నుంచే ఉంది. అయినా ఉప్పల్‌ యూఏఈ నుంచి తప్పించుకుని తెలియని చోటికి వెళ్లిపోయాడన్న సంగతి 2025 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అతని జాడ కనిపెట్టాలని ధర్మాసనం ఈడీని ఆదేశించింది.

దుర్గ్‌, భిలాయ్‌ పోలీసులు అద్దె ఖాతాదారులను పట్టుకోవడం ఇప్పుడు స్థానిక పత్రికల్లో చిన్న వార్త. స్తంభింపజేసిన షేర్లు డీమ్యాట్‌ ఖాతాల్లో ఉన్నాయి. మార్కెట్‌తో పాటు వాటి విలువ రోజూ పెరుగుతోంది, తరుగుతోంది.